ఆష్‌బర్న్: పట్టాలు పోయినా నిలిచిన దారి

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, లౌడన్ కౌంటీలోని ఆష్‌బర్న్‌కు రెండు రైల్వే స్టేషన్ల చరిత్ర ఉంది. మొదటిది 1860 నాటి రైలు దారిలోది. 1968లో ఆ రైలుతో పాటే అదీ ముగిసిపోయింది. రెండోది 2022 నవంబరు 15న తెరుచుకున్న మెట్రో స్టేషన్. రెండింటి నడుమ 54 ఏళ్లు ఆ ఊరికి ఏ రైలూ రాలేదు. స్థలాలు కూడా వేరు. పాత స్టేషన్ ఉన్న ఊరి నడిబొడ్డుకు కొత్త స్టేషన్ సుమారు 4 కిలోమీటర్లు దక్షిణంగా ఉంటుంది. వాషింగ్టన్ నగరపు డాలస్ విమానాశ్రయంలో దిగే తెలుగువాళ్లలో చాలామందికి ఆష్‌బర్న్ ఇప్పుడు బాగా తెలిసిన పేరు. వాళ్లకు తెలిసిన ఆష్‌బర్న్ వయసు మాత్రం ముప్పై, నలభై ఏళ్లే. అంతకు ముందున్న ఊరిని ఊరుగా నిలబెట్టింది రైలు.

ఆ రైలు దారి కథ పొటోమాక్ నది ఒడ్డున ఉన్న అలెగ్జాండ్రియా రేవులో మొదలవుతుంది. 19వ శతాబ్దం నడుమ ఆ రేవు వర్తకులకు బాల్టిమోర్ పెద్ద దిగులైంది. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు పడమటి లోయల గోధుమను, పిండిని, సరుకును తన రేవుకే లాక్కుపోతోంది. దానికి పోటీగా 1847లో ఒక కంపెనీకి అనుమతి వచ్చింది. 1853లో దాని పేరు అలెగ్జాండ్రియా, లౌడన్ అండ్ హాంప్‌షైర్ రైల్‌రోడ్‌గా మారింది. ఉద్దేశమంతా ఆ పేరులోనే ఉంది. అలెగ్జాండ్రియాలో బయలుదేరి, లౌడన్ పొలాల మీదుగా సాగి, బ్లూ రిడ్జ్ కొండలు దాటి, ఇప్పటి వెస్ట్ వర్జీనియాలోని హాంప్‌షైర్ కౌంటీ బొగ్గు గనులను చేరాలి. పని 1855లో మొదలైంది. 1860 మే నెలలో రైలు లౌడన్ కౌంటీ ముఖ్య పట్టణమైన లీస్‌బర్గ్ చేరింది. తెలుగు నేల మీద మొదటి రైలు దారి, మద్రాసు రైల్వే వారిది, పుత్తూరు ప్రాంతానికి వచ్చింది 1862లో. రెండు చోట్లా పల్లెలకు ఇంచుమించు ఒకేసారి రైలు పరిచయమైందన్నమాట. అయితే లౌడన్ రైలు తన పేరులోని హాంప్‌షైర్‌ను ఏనాడూ చేరలేదు. దాని కష్టాలకు మూలం అదే. బొగ్గు మోయడానికి పుట్టిన రైలు నూరేళ్లకు పైగా పాలు, పంటలు, ప్రయాణికులతోనే బతకవలసి వచ్చింది.

లీస్‌బర్గ్‌కు తూర్పున, గూస్ క్రీక్ అనే ఏటికి ఇవతల, పొలాల మధ్య వెలిసిన ఒక చిన్న మజిలీ ఫార్మ్‌వెల్. ఆ పేరు ఊరిది కాదు, ఎస్టేటుది. వర్జీనియాలో పేరుమోసిన లీ కుటుంబానికి చెందిన జార్జ్ లీ 1802లో రాసిన వీలునామాలో ఆ పేరు కనబడుతుంది. 1,200 ఎకరాలకు పైబడిన ఆ భూమి ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. అలాంటి ఎస్టేట్లలో అరక పట్టింది, కోత కోసింది, వంట చేసింది బానిసలు. 1860 జనాభా లెక్కల్లో లౌడన్ కౌంటీలో 21,774 మంది ఉంటే, వారిలో సుమారు 5,500 మంది బానిసలు. రైలు మోసుకెళ్లాలనుకున్న పంటలో వాళ్ల కష్టం ఉంది. ఈ స్టేషన్ చరిత్రలో ఆ లెక్కను విడిచిపెట్టడం న్యాయం కాదు. ఎస్టేటు పేరు స్టేషన్‌కు వచ్చింది. స్టేషన్ చుట్టూ దుకాణం, పోస్టాఫీసు, నాలుగైదు ఇళ్లు లేచాక అదే ఊరి పేరు కూడా అయింది. అమెరికా పల్లెసీమల్లో ఇలా స్టేషన్ ముందు, ఊరు వెనక వచ్చిన చోట్లు చాలా ఉన్నాయి.

రైలు లీస్‌బర్గ్ చేరి ఏడాది తిరగకుండానే అంతర్యుద్ధం వచ్చిపడింది. వర్జీనియా సమాఖ్య నుంచి విడిపోవాలా వద్దా అని తేల్చడానికి 1861లో కూడిన సభకు అధ్యక్షత వహించిన జాన్ జానీ, లీస్‌బర్గ్ న్యాయవాది. ఫార్మ్‌వెల్ ఎస్టేటులోని ఒక భాగాన్ని ఆయన 1841లో కొన్నాడు. తాను స్వయంగా విడిపోవడానికి వ్యతిరేకి. సభ మాత్రం విడిపోవాలనే తీర్మానించింది. ఆ నిర్ణయానికి మొదట బలైనవాటిలో ఈ రైలు ఒకటి. 1861 జూన్ 17న ఇదే దారిలో, వియన్నా అనే ఊరి దగ్గర, ఒహాయో సైనికులతో వస్తున్న రైలు మీద దక్షిణాది ఫిరంగులు విరుచుకుపడ్డాయి. యుద్ధానికి రైలును వాడుకోవడం, రైలును కాచుకుని కొట్టడం ప్రపంచానికి అప్పుడప్పుడే తెలిసివస్తున్న రోజులవి. తూర్పు కొసను ఉత్తరాది సైన్యం తన రవాణాకు వాడుకుంది. పడమటి కొసలో శత్రువు చేతికి చిక్కకూడదని దక్షిణాది వారే వంతెనలు కాల్చేశారు. మళ్లీ లీస్‌బర్గ్‌కు రైలు నడిచింది 1867లో. అంటే ఫార్మ్‌వెల్ ప్రజలు కొత్త రైలును ఏడాది చూసి, తర్వాత ఆరేళ్లు పాడుపడ్డ కట్టను చూశారు.

యుద్ధం తర్వాత కంపెనీ చేతులు మారుతూ, పేర్లు మారుతూ పోయింది. 1870లో వాషింగ్టన్ అండ్ ఒహాయో అయింది. పేరులో ఆశ ఒహాయో దాకా పెరిగింది గాని, పట్టాలు మాత్రం 1870ల నడుమకు రౌండ్ హిల్ అనే ఊరిదాకా వచ్చి ఆగిపోయాయి. 1894లో అది సదరన్ రైల్వే కిందికి వచ్చింది. 1900లో ఆ కంపెనీ మరికొన్ని మైళ్లు పొడిగించి బ్లూ రిడ్జ్ పాదాల దగ్గరున్న స్నికర్స్‌విల్ చేర్చింది. వేసవిలో వాషింగ్టన్ ఉక్కపోత తప్పించుకునే షోకిలాలను ఆకర్షించడానికి ఆ ఊరికి బ్లూమాంట్ అని కొత్త పేరు పెట్టారు. కొండలు దాటే ఆలోచన అక్కడితో సరి.

ఈ కాలంలో ఫార్మ్‌వెల్ లాంటి చిన్న స్టేషన్ చేసిన పని ఆ పల్లెకు ప్రాణాధారం. అలాంటి స్టేషన్లలో ఒక్క ఏజెంటే టికెట్లు ఇచ్చేవాడు, తంతి కొట్టేవాడు, గూడ్సు లెక్క రాసేవాడు. ఉత్తరాల సంచి రైల్లో వచ్చేది. విత్తనాలు, ఎరువు, నాగలి కర్రు, గుడ్డల మూటలు రైల్లోనే దిగేవి. ఎక్కేది ముఖ్యంగా పాలు. లౌడన్ కౌంటీ పచ్చిక బయళ్ల సీమ. వాషింగ్టన్ నగరం పెరుగుతున్న కొద్దీ దానికి పాలు పోసే బాధ్యత ఈ పల్లెల మీద పడింది. తెల్లవారుజామున పితికిన పాలను రేకు క్యాన్లలో పోసి, గుర్రపు బండి మీద స్టేషన్‌కు చేర్చి, రైలు వచ్చేలోగా వరసగా నిలబెట్టాలి. ఐసు కరువైన ఆ రోజుల్లో పాలకు గడువు గంటలే. అందుకే రైలు వేళ చుట్టూనే పాడి రైతు దినచర్య తిరిగింది. సాయంత్రం బండిలో ఖాళీ క్యాన్లు తిరిగి వచ్చేవి. పల్లెలో పాడి పెద్ద వ్యాపారం కావడానికి నేల ఎంత కారణమో, ఈ బండి అంత కారణం.

1896లో ఫార్మ్‌వెల్ పేరు ఆష్‌బర్న్‌గా మారింది. వర్జీనియాలోనే ఫార్మ్‌విల్ అనే పట్టణం ఉండడంతో ఉత్తరాలు తారుమారయ్యేవని, అందుకే పేరు మార్చారని చెబుతారు. ఆ పేరే ఎందుకన్నదానికి ఊళ్లో మరో కథ స్థిరపడింది. నెవాడా రాష్ట్ర సెనేటర్ విలియం మోరిస్ స్టూవర్ట్ 1890ల నడుమ ఇక్కడ పెద్ద పొలం కొని పాడి పెట్టాడు. నల్లజాతి పురుషులకు ఓటు హక్కు ఇచ్చిన 15వ రాజ్యాంగ సవరణ రచనలో ముఖ్యుడు ఆయనే. ఆయన పొలంలో ఒక పెద్ద యాష్ చెట్టు మీద పిడుగు పడి, అది వారం రోజులు రగులుతూనే ఉందట. చూడడానికి జనం దూరాల నుంచి వచ్చారట. కాలిన యాష్ చెట్టు పేరే ఊరి పేరైందట. కథ చెవికింపుగా ఉంది గాని కాగితాలు దాన్ని ఒప్పుకోవు. జాన్ జానీ తన భూమిని అమ్మిన 1870లోనే ఆష్‌బర్న్ ఫార్మ్ అనే పేరు రాతలో ఉంది. స్టూవర్ట్ రావడానికి పాతికేళ్లకు ముందు మాట ఇది. ఆష్‌బర్న్ అనే ఇంటిపేరున్న మిత్రుల మీదుగా జానీ ఆ పేరు పెట్టి ఉండవచ్చన్న చరిత్రకారుల ఊహే నమ్మదగ్గదిగా ఉంది.

20వ శతాబ్దం మొదట్లో ఈ దారికి కొత్త వెలుగు వచ్చింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక యజమాని జాన్ ఆర్. మెక్లీన్ తదితరులు 1911లో వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ రైల్వే కంపెనీ పెట్టారు. బ్లూమాంట్ దారిని సదరన్ రైల్వే నుంచి లీజుకు తీసుకుని, 1912లో పట్టాల పైన కరెంటు తీగలు లాగారు. పొగబండి స్థానంలో కరెంటు బండి వచ్చింది. పల్లె నుంచి రాజధానికి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావడం తేలికైంది. దీని వెనకే చెప్పుకోవలసిన మరో సంగతి ఉంది. వర్జీనియా 1900లో చేసిన చట్టం ప్రకారం తెల్లవారికి, నల్లవారికి రైళ్లలో వేరువేరు చోట్లు. ఆష్‌బర్న్ ప్లాట్‌ఫాం మీద ఒకే బండి కోసం నిలబడ్డవాళ్లు ఎక్కాక విడిపోవలసిందే. రైలు దారికి దగ్గర్లోనే నల్లజాతి పిల్లల కోసం 1892లో కట్టిన ఒంటి గది బడి ఒకటుంది. అది 1950ల చివరిదాకా నడిచింది. ఆ చిన్న చెక్క భవనం ఇప్పటికీ నిలిచి ఉంది.

కరెంటు వెలుగు ఎంతోకాలం నిలవలేదు. 1920లలో మోటారు కార్లు, లారీలు పెరిగాయి. రైలు దారికి సమాంతరంగా పోయే రోడ్డు బాగుపడింది. పాల క్యాను రైలుకు ఎదురుచూడనక్కర లేదు, లారీ నేరుగా దొడ్డి దగ్గరికే వస్తుంది. ఆర్థిక మాంద్యం దెబ్బకు 1932లో కంపెనీ దివాలా తీసింది. 1936లో మరో కంపెనీగా లేచి, బ్లూమాంట్ వైపు కొసను 1930ల చివర్లో వదిలేసుకుంది. అప్పటి నుంచి పడమటి కొస పర్సెల్‌విల్ అనే ఊరు. 1941లో ప్రయాణికుల బళ్లు ఆగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు, టైర్లకు కటకట రావడంతో 1943లో మళ్లీ నడిపారు. 1951లో అవీ శాశ్వతంగా ఆగిపోయాయి. ఆ తర్వాత ఆష్‌బర్న్ మీదుగా వెళ్లినవి డీజిలు ఇంజను లాగే గూడ్సు బళ్లే.

1956లో చెసపీక్ అండ్ ఒహాయో అనే పెద్ద రైల్వే ఈ దారిని కొన్నది. మరో రెండేళ్లకు ఆష్‌బర్న్‌కు కొద్ది మైళ్ల దూరంలో డాలస్ విమానాశ్రయం నిర్మాణం మొదలైంది. దాని కాంక్రీటుకు కావలసిన ఇసుకను ఈ రైలే మోసింది. విమానాశ్రయం 1962లో తెరుచుకుంది. ఇసుక పని అయిపోయాక దారికి మిగిలిన సరుకు బొటాబొటీ. కేంద్ర అనుమతితో 1968 ఆగస్టులో చివరి బండి నడిచింది. పట్టాలు పీకేశారు.

ఇక్కడ జనాభా లెక్కలు ఒక విచిత్రం చూపిస్తాయి. 1860లో 21,774 మంది ఉన్న లౌడన్ కౌంటీలో 1960 నాటికి ఉన్నది 24,549 మంది. నూరేళ్లలో పెరిగింది మూడు వేల లోపే. రైలు ఉన్న కాలమంతా జనం పెరగలేదు. రైలు పోయాక 1990కి ఆ సంఖ్య 86,129 అయింది. 2020కి 4,20,959కి చేరింది. ఊరు కిక్కిరిసే వేళకు దారి మూసుకుపోయింది. 1968లో మూసినవాళ్లకు ఇది తెలిసే వీలు లేదు. నష్టం వస్తున్న దారిని నడపమని ఎవరూ అడగలేరు కూడా. అయినా అదే ఏడాది మార్చిలో వాషింగ్టన్ మెట్రో పథకం మొదటి పటానికి ఆమోదం దొరికిందన్న సంగతి గుర్తుకొస్తే మనసు చివుక్కుమంటుంది. ఒక చేత్తో పట్టాలు తీస్తూ, మరో చేత్తో పట్టాల పటం గీశారు.

పట్టాలు పోయినా నేల చెదరకపోవడం ఈ దారి అదృష్టం. సాధారణంగా రైలు మూతపడితే కట్ట తునకలై పోతుంది. పక్క పొలం రైతు కొంత కలుపుకుంటాడు, ఎవరో ఇళ్లు కడతారు, పదేళ్లలో ఆనవాలు మిగలదు. ఇక్కడ అర్లింగ్టన్ వైపు ఒక భాగం ఐ-66 రహదారికి పోయింది. మిగిలినదాన్ని దాదాపు మొత్తంగా విద్యుత్ కంపెనీ కొన్నది. ఊళ్ల మధ్య నుంచి 100 అడుగుల వెడల్పున అడ్డం లేకుండా సాగిపోయే నేల పెద్ద కరెంటు తీగలకు అక్కరకొచ్చింది. తీగలకు కింద నేల ఖాళీగానే ఉంటుంది గనుక, ఉత్తర వర్జీనియా ప్రాంతీయ పార్కుల సంస్థ దాన్ని నడక దారిగా మార్చాలని ముందుకు వచ్చింది. 1974లో ఫాల్స్ చర్చ్ దగ్గర మొదటి ముక్క తెరిచారు. తర్వాత ఆ సంస్థే దశలవారీగా నేల కొనుక్కుంటూ పోయింది. 1988కి దారి పర్సెల్‌విల్ చేరింది. మొత్తం 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు.

పాత ఆష్‌బర్న్ ఊళ్లో ఈ దారి ఆష్‌బర్న్ రోడ్డును దాటుతుంది. రైలు నాటి ఊరి నడుమ భాగం ఇదే. చుట్టూ వేల ఇళ్ల కాలనీలు లేచినా, ఇక్కడ మాత్రం పాత కాలపు చెక్క ఇళ్లు, ఒకప్పటి అంగడి భవనం మిగిలాయి. దారిని పరిశీలించి చూస్తే రైలు పనితనం ఇంకా తెలుస్తుంది. ఎక్కడా నిటారు ఎక్కుడు లేదు, చటుక్కున మలుపు లేదు. పల్లం వచ్చిన చోట కట్ట పోశారు, మిట్ట వచ్చిన చోట నేల తవ్వి దారి తీశారు. బరువు లాగే ఇంజను కోసం 1850ల కూలీలు చదును చేసిన నేల మీద ఇప్పుడు సైకిళ్లు ఆయాసం లేకుండా పోతున్నాయి. తారు దారి పక్కనే చాలా దూరం గుర్రాలకు వేరే కంకర బాట ఉంది. ఆష్‌బర్న్ దాటి పడమటికి వెళ్తే, కంచె పక్క నుంచి ఒక పెద్ద రాతి క్వారీ లోతుల్లోకి తొంగిచూడడానికి ఒక వేదిక కనిపిస్తుంది. అడుగున తిరిగే భారీ లారీలు పై నుంచి బొమ్మల్లా ఉంటాయి. తలెత్తితే కరెంటు స్తంభాలు, తీగలు దారి వెంటే ఉంటాయి.

ఆష్‌బర్న్ ఇప్పుడు కరెంటు మీద బతికే ఊరు. 1980ల నుంచి పాడి పొలాలు కాలనీలుగా మారుతూ వచ్చాయి. సెనేటర్ స్టూవర్ట్ ఆవులు మేసిన ఆష్‌బర్న్ ఫార్మ్ ఇప్పుడొక పెద్ద నివాస ప్రాంతం పేరు. 1990లలో ఇంటర్నెట్ కంపెనీలు డాలస్ చుట్టూ చేరాయి. ఆ దశాబ్దం చివర్లో ఈక్వినిక్స్ అనే కంపెనీ ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ పెట్టింది. దాని వెంట కిటికీలు లేని పెద్ద పెద్ద భవనాలు వరసకట్టాయి. ప్రపంచంలో డేటా సెంటర్లు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు అరుదు. ఆ ఉద్యోగాలతో, వాషింగ్టన్ చుట్టుపక్కల ప్రభుత్వ కాంట్రాక్టుల సాఫ్ట్‌వేర్ పనులతో భారతీయులు, వారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడ్డారు. 2020 లెక్కల్లో ఆష్‌బర్న్ జనాభా 46,349. ఊళ్ల పేర్లను జిల్లాతో కలిపి చెప్పుకునే తెలుగు కుటుంబాలు కొన్ని తరాల క్రితం పాల క్యాన్లు వరసగా నిలబెట్టిన నేల మీద బతుకమ్మ ఆడుతున్నాయి, సంక్రాంతి ముగ్గులు వేస్తున్నాయి.

ఇంత జనానికి రైలు మళ్లీ కావలసి వచ్చింది. వచ్చేందుకు చోటు ఎలా దొరికిందన్నది గమనించదగ్గ విషయం. 1960లలో డాలస్ విమానాశ్రయానికి ప్రత్యేక రహదారి వేసినప్పుడే రెండు దిశల రోడ్ల మధ్య రైలు కోసమని కొంత నేల వదిలిపెట్టారు. దాన్ని వాడుకోవడానికి అర్ధశతాబ్దం పట్టింది. విమానాశ్రయం అవతల ఆష్‌బర్న్ మీదుగా లీస్‌బర్గ్ వెళ్లే ప్రైవేటు టోల్ రోడ్డు, డాలస్ గ్రీన్‌వే, 1995లో తెరుచుకుంది. దాని నడుమ కూడా జాగా ఉంది. అందుకే కొత్త రైలు పాత కట్ట మీదికి రాలేదు. పాత కట్ట ఇళ్ల మధ్య నుంచి పోతుంది, విమానాశ్రయాన్ని తాకదు, పైగా నడిచేవాళ్ల సొత్తైంది. ఒక దారిని మూసేశాక నేలను కాపాడారు. మరో దారికి నేలను ముందే దాచారు. ఆష్‌బర్న్‌కు ఇప్పుడు రెండూ ఉన్నాయంటే ఆ రెండు పనులే కారణం.

మెట్రో సిల్వర్ లైన్ మొదటి దశ 2014 జులై 26న రెస్టన్ తూర్పు దాకా వచ్చింది. అంతకు ముందే, రెండో దశలో చేరాలా వద్దా అని లౌడన్ కౌంటీ చాలా తర్జనభర్జన పడింది. ఖర్చు భారమన్నవారు కొందరు, రైలుతో పల్లె స్వభావం పోతుందన్నవారు కొందరు. 2012 జులై 3న కౌంటీ పాలకమండలి ఓటు వేసింది. 5 అవును, 4 కాదు. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఆష్‌బర్న్‌కు స్టేషన్ లేదు. కాంక్రీటు పలకల్లో లోపాలు బయటపడడం లాంటి కారణాలతో పని ఏళ్ల తరబడి సాగింది. అన్నాళ్లూ కాగితాల మీద స్టేషన్‌కు ఊరి పేరే లేదు, పక్క రోడ్డు నంబరుతో రూట్ 772 అని రాసేవారు. ఆఖరికి ఆష్‌బర్న్ అన్న పేరు ఖాయమైంది. 2022 నవంబరు 15న డాలస్ విమానాశ్రయంతో సహా ఆరు స్టేషన్లు ఒకేసారి తెరుచుకున్నాయి. ఆష్‌బర్న్ చిట్టచివరిది.

ఈ స్టేషన్‌లో ఏజెంటు గది లేదు, గూడ్సు వేదిక లేదు. టోల్ రోడ్డు మధ్యలో ఒకే ప్లాట్‌ఫాం, దానికి రెండు పక్కలా రైళ్లు. రెండు వైపుల నుంచి కార్ల హోరు. రోడ్డు మీదుగా రెండు దిక్కులకూ నడక వంతెనలు, వాటి చివర బహుళ అంతస్తుల పార్కింగ్ భవనాలు, సిటీ బస్సులు. ఉత్తరం వైపు వంతెన దిగితే దుకాణాలు, అపార్ట్‌మెంట్లు కొత్తగా లేస్తున్నాయి. 1860లో లాగే స్టేషన్ చుట్టూ ఒక ఊరు కట్టే ప్రయత్నం జరుగుతోంది. ఇక్కడ రైలెక్కితే విమానాశ్రయం రెండో స్టాపు. వాషింగ్టన్ నడిబొడ్డుకు ఇంచుమించు గంట. అక్కడి నుంచి రైలు అనకోస్టియా నది దాటి మేరీలాండ్‌లోకి సాగిపోతుంది.